గేమ్‌లో ల్యాగ్ వైఫైదా, కేబుల్‌దా, లైన్‌దా? ఏమీ కొనకముందే తేల్చుకునే పద్ధతి

"ల్యాన్ కేబుల్ పెట్టినా పింగ్ తగ్గలేదు." "స్పీడ్ టెస్ట్‌లో 200 వస్తోంది, గేమ్‌లో మాత్రం మనిషి ఉన్నచోటే ఆగి ఆగి ఎగురుతున్నాడు." ఈ రెండు మాటలూ నేను తరచుగా వింటుంటాను. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే కొత్త రౌటరో, ఖరీదైన కేబులో, పెద్ద ప్లానో కొనేసి ఉంటారు. డబ్బు పెట్టాక కూడా ల్యాగ్ (ఆట ఆలస్యంగా స్పందించడం, తడబడటం) అలాగే ఉంటే కలిగే విసుగు నాకు బాగా తెలుసు. అందుకే చేయాల్సిన పరీక్షలను, వాటి వరుసను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. మీ ఫోన్ లేదా కంప్యూటర్ నుంచి గేమ్ సర్వర్ దాకా ఉన్న దారి రెండు ముక్కలు. మొదటిది మీ పరికరం నుంచి రౌటర్ వరకు, రెండోది రౌటర్ నుంచి బయటికి. కేబుల్ వేసినా, వైఫై సరిచేసినా బాగుపడేది మొదటి ముక్కే. లోపం రెండో ముక్కలో ఉంటే ఇంట్లో బంగారు తీగ లాగినా తేడా రాదు.

## 1. మొదలుపెట్టే ముందు

గేమ్‌కు కావాల్సింది వేగం కాదు, నిలకడ. ఆడుతున్నప్పుడు చాలా గేమ్‌లకు 1 ఎంబీపీఎస్ కూడా పట్టదు. మనం చూడాల్సినవి మూడు.

- పింగ్: ఒక సమాచారం సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, మిల్లీ సెకన్లలో.
- జిట్టర్: ఆ సమయంలో వచ్చే హెచ్చుతగ్గులు. ఎప్పుడూ 60 ఉండే లైన్ మీద హాయిగా ఆడొచ్చు. 20, 140, 25, 210 అని గంతులేసే లైన్ మీద ఆడలేం.
- ప్యాకెట్ లాస్: దారిలోనే పోయిన సమాచారం. తుపాకీ పేల్చినా తగలకపోవడం, నాలుగడుగులు ముందుకు వేశాక మళ్లీ వెనక్కి వచ్చిపడటం దీని పనే.

ఇంకొకటి కూడా చూసుకోండి. తెర అతుక్కుపోయినట్టు ఆగుతుంటే అది నెట్ తప్పు కాకపోవచ్చు. ఫోన్ వేడెక్కి ఫ్రేమ్స్ (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) తగ్గిపోయినా అచ్చం ల్యాగ్‌లాగే కనిపిస్తుంది. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) లాంటి గేమ్‌లో తెర మీద పింగ్ అంకె మారకుండా ఉండి, ఆట మాత్రం తడబడుతుంటే గ్రాఫిక్స్ తగ్గించి, ఫోన్ కవర్ తీసి, చార్జర్ ఊడదీసి మళ్లీ చూడండి.

పరీక్షకు దగ్గర పెట్టుకోవాల్సినవి:

- కచ్చితంగా బాగా పనిచేస్తుందని తెలిసిన ఒకటి రెండు మీటర్ల ల్యాన్ కేబుల్. పక్కింటి నుంచి తెచ్చుకున్నా చాలు.
- ఒక ల్యాప్‌టాప్ లేదా డెస్క్‌టాప్. ఫోన్‌లోనే ఆడేవాళ్లు పింగ్ చూపించే యాప్ ఏదైనా వేసుకోండి.
- కాగితం, పెన్ను. ఏం మార్చారో, ఎన్ని గంటలకు మార్చారో రాసుకోండి.
- అరగంట తీరిక. ర్యాంక్ మ్యాచ్ మధ్యలో ఈ పని పెట్టుకోవద్దు.

నియమం ఒక్కటే: ఒకసారికి ఒక్కటే మార్చాలి. కేబుల్, చానల్, సెట్టింగ్ కలిపి మార్చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

## 2. లోపం ఏ ముక్కలో ఉందో తేల్చడం

మిగతా భాగాలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి. తొందరపడి దీన్ని దాటేయకండి.

విండోస్‌లో సెర్చ్‌కి వెళ్లి సీఎండీ అని ఇంగ్లిష్‌లో కొడితే నల్లటి కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లిష్‌లోనే కొట్టండి. డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా కనిపించేదే మీ రౌటర్ అడ్రస్. చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది.

ఇప్పుడు రెండు నల్ల తెరలు పక్కపక్కన తెరవండి. మొదటిదాంట్లో పింగ్ అనే మాట, ఒక ఖాళీ, రౌటర్ అడ్రస్, మళ్లీ ఖాళీ, ఆ తర్వాత హైఫన్‌కు అంటించి టీ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. రెండోదాంట్లో రౌటర్ అడ్రస్ బదులు 8.8.8.8 పెట్టండి. ఇది ఇంటి బయట ఉన్న గూగుల్ వాళ్ల డీఎన్ఎస్ (సైట్ పేర్లకు అడ్రస్ చెప్పే) సర్వర్. రెండూ ఆపకుండా నడుస్తుండగా పది నిమిషాలు గేమ్ ఆడండి. ల్యాగ్ వచ్చిన క్షణంలో టైమ్ రాసుకోండి. చివర్లో కంట్రోల్, సీ కలిపి నొక్కితే ఎన్ని వెళ్లాయి, ఎన్ని పోయాయి, సగటు ఎంత అన్నీ చూపిస్తుంది.

ఫలితాన్ని ఇలా చదవండి:

- రౌటర్ పింగే గంతులేస్తోంది లేదా మధ్యలో టైమ్‌డ్ అవుట్ (జవాబు రాలేదు) అని వస్తోంది: లోపం ఇంట్లోనే ఉంది. కేబుల్ మీద ఉన్నవాళ్లు 3కు, వైఫై మీద ఉన్నవాళ్లు 4కు వెళ్లండి.
- రౌటర్ పింగ్ నిలకడగా ఉంది, 8.8.8.8 మాత్రం పెరుగుతోంది: లైన్ నిండిపోతోంది లేదా బయట లోపం ఉంది. 6, 7 చూడండి.
- రెండూ బాగున్నాయి, గేమ్‌లో మాత్రం పింగ్ ఎక్కువ: మీరు చేరిన సర్వర్ దూరంగా ఉంది, లేదా అక్కడికి వెళ్లే దారి బాగాలేదు. 8 చూడండి.

కేబుల్ మీద రౌటర్ పింగ్ 1 మిల్లీ సెకను లోపు ఉండాలి. 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద సాధారణంగా 2 నుంచి 5 మధ్య ఉంటుంది. వందకు ఒకటి రెండు పెద్ద అంకెలు వస్తే పట్టించుకోకండి. పింగ్‌కు బదులివ్వడం రౌటర్‌కు ముఖ్యమైన పని కాదు, ఒక్కోసారి ఆలస్యం చేస్తుంది. వరుసగా వస్తే మాత్రం వదలొద్దు.

ల్యాన్ పెట్టినప్పుడు ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేశారో లేదో చూసుకోండి. ఒక బంధువు ఇంట్లో నేను గంటసేపు కేబుల్‌ను అనుమానించాను. తీరా చూస్తే కేబుల్ సరిగా కూర్చోలేదు, ఆట మొత్తం వైఫై మీదే నడుస్తోంది.

## 3. కేబుల్ పెట్టినా ల్యాగ్ వస్తుంటే

కేబుల్ పెట్టాం కాబట్టి ఆ భాగంలో తప్పు ఉండదని చాలామంది నమ్మకం. నిజానికి పాడైన కేబుల్ మంచి వైఫై కంటే ఎక్కువ ఏడిపిస్తుంది. ఈ వరుసలో చూడండి.

మొదట లైట్లు. కేబుల్ గుచ్చిన పోర్టు దగ్గర లైట్ వెలగాలి, అప్పుడప్పుడు మినుకుమనాలి. అసలు వెలగకపోయినా, పూర్తిగా ఆరి వెలుగుతున్నా కనెక్షన్ తెగిపోతోందన్నమాట.

తర్వాత లింక్ స్పీడ్. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ఈథర్‌నెట్ తెరిస్తే లింక్ స్పీడ్ కనిపిస్తుంది. రెండు వైపులా గిగాబిట్ పోర్టులుంటే 1000 చూపాలి. 100 చూపిస్తోందంటే అనుమానించండి. కేబుల్‌లో ఎనిమిది వైర్లుంటాయి. 1000 రావాలంటే ఎనిమిదీ పనిచేయాలి, 100కు నాలుగు చాలు. అంటే ఎక్కడో ఒక వైరు తెగింది లేదా కనెక్టర్‌లో సరిగా కూర్చోలేదు. గేమ్‌కు 100 సరిపోతుంది, అంకెతో ఇబ్బంది లేదు. కానీ నిన్న 1000 ఉండి ఇవాళ 100కు పడిందంటే ఆ కేబుల్ పాడవుతోంది. కొన్ని ఫైబర్ బాక్సుల్లో (ఇంటికి వచ్చే ఫైబర్ తీగ చేరే పెట్టెల్లో) ఒక పోర్టు గిగాబిట్, మిగతావి 100వి ఉంటాయి. ఆ పోర్టు మార్చి చూశాకే కేబుల్‌ను తప్పుపట్టండి.

కదిపి చూడటం. రౌటర్ పింగ్ నడుస్తుండగా కనెక్టర్‌ను మెల్లగా అటూ ఇటూ కదపండి. టైమ్‌డ్ అవుట్ వస్తే దొరికినట్టే. ప్లాస్టిక్ లాక్ విరిగిన కేబుళ్లలో ఇది చాలా ఎక్కువ. దానికి టేపు చుట్టి నెట్టుకురాకండి. కొత్త కనెక్టర్ వేయించడం చిన్న పని.

పొట్టి కేబుల్‌తో పోల్చడం. తెచ్చుకున్న రెండు మీటర్ల కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ను రౌటర్ పక్కనే పెట్టి అదే పరీక్ష చేయండి. బాగుంటే మీ పొడవాటి కేబుల్‌దే లోపం. అప్పటికీ బాగాలేకపోతే పోర్టు మార్చండి, ఆ తర్వాత ల్యాప్‌టాప్ మార్చండి.

క్రింపింగ్, అంటే కేబుల్ చివర కనెక్టర్ బిగించడం. రెండు చివర్లా రంగుల వరుస ఒకటే ఉండాలి. క్లిప్ కిందికి, బంగారు రంగు పిన్నులు పైకి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. నీలం జంట మధ్యలో పక్కపక్కన ఉంటుంది, ఆకుపచ్చ జంట దానికి అటూ ఇటూ చీలుతుంది. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ఏ జంటకు ఆ జంట వరుసగా పెట్టేస్తే లైట్ వెలుగుతుంది, టెస్టర్ కూడా సరే అంటుంది, కానీ పొడవు పెరిగేకొద్దీ ప్యాకెట్లు పోతాయి.

కేబుల్ రకం. క్యాట్ 5ఈ అయినా చాలు, 100 మీటర్ల వరకు గిగాబిట్ మోస్తుంది. క్యాట్ 6 తీసుకుంటే మంచిదే. అంతకుమించిన పేర్లకు ఇంట్లో డబ్బు పోయడం దండగ. చూడాల్సింది లోపలి లోహం. చవక కేబుళ్లలో అల్యూమినియం తీగకు పైపైన రాగి పూత ఉంటుంది. అట్ట మీద సీసీఏ అని రాసి ఉంటే అదే. నేను ఒకసారి తెలియక అలాంటిది 30 మీటర్లు కొని మేడ మీదికి లాగాను. వారం బాగానే ఉంది, మలుపు దగ్గర లోపలే తెగింది. చివర కొంచెం గీకి చూడండి, లోపల వెండి రంగు కనిపిస్తే అది రాగి కాదు.

దారి. గోడలోని కరెంటు పైపులోనే ల్యాన్ కేబుల్ కూడా దూర్చేయడం మన ఇళ్లలో మామూలే. వద్దు. కరెంటు వైరు వల్ల సిగ్నల్ చెడటం మాట అలా ఉంచి, అది ప్రమాదం కూడా. కరెంటు వైరును దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కన పరిగెత్తించకండి. తలుపు సందులో నలిగే చోట, కుర్చీ చక్రాల కింద కేబుల్ వెళ్లకూడదు. మేడ మీంచి ఆరుబయట రాగి కేబుల్ లాగితే పిడుగుల కాలంలో రౌటర్‌కూ కంప్యూటర్‌కూ ముప్పే.

చివరగా సెట్టింగ్స్. డివైజ్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ మీద పవర్ మేనేజ్‌మెంట్ తెరిచి, కరెంటు ఆదా కోసం ఆపేసే టిక్ తీసేయండి. అడ్వాన్స్‌డ్‌లో ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్‌నెట్ ఆపండి. 2.5 గిగాబిట్ పోర్టున్న కొన్ని మదర్‌బోర్డుల్లో లింక్ ఊరికే తెగిపోతుంటుంది. స్పీడ్‌ను 1 గిగాబిట్ ఫుల్ డూప్లెక్స్‌కు కట్టేసి చూడండి. డ్రైవర్‌ను మదర్‌బోర్డు కంపెనీ సైట్ నుంచే దింపుకోండి.

ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. కేబుల్ ఊడదీసి పెట్టండి, రౌటర్ రీస్టార్ట్ చేయండి, అప్పటికీ అదే ఉంటే పోర్టు మార్చండి.

## 4. వైఫై మీదే ఆడాల్సి వస్తే

వైఫైలో ఒకసారికి ఒకరే మాట్లాడాలి. ప్రతి పరికరం ముందు గాలిలో ఎవరైనా మాట్లాడుతున్నారా అని విని, ఖాళీ దొరికాక పంపుతుంది. అందకపోతే మళ్లీ పంపుతుంది. ఆ ఎదురుచూపులే జిట్టర్. అందువల్ల మన పని రెండే: గోల తక్కువ ఉన్న చోటికి మారడం, సిగ్నల్ పెంచడం.

బ్యాండ్, అంటే వైఫై నడిచే తరంగాల దారి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది కానీ ఆ దారి నిండా రద్దీ. పక్కింటి రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే ఉంటాయి. గేమ్‌కు 5 గిగాహెర్ట్జ్ వాడండి. రౌటర్ రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంటే విడదీసి, 5కు వేరే పేరు పెట్టండి. లేకపోతే ఫోన్ తనకు తోచినట్టు మారుతూ ఉంటుంది, మారిన ప్రతిసారీ ఆట ఆగుతుంది.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 2.4 మీద ఆడేవాళ్లు మొదట వైర్డ్ ఇయర్‌ఫోన్స్‌తో ఒక మ్యాచ్ ఆడి చూడండి. చాలా ఫోన్లలో రెండింటికీ ఒకే యాంటెన్నా ఉంటుంది, వంతులవారీగా వాడుకుంటాయి. యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కులు, పెన్‌డ్రైవ్‌ల నుంచి కూడా 2.4లో గోల వస్తుంది. యూఎస్‌బీ వైఫై అడాప్టర్ వాడేవాళ్లు దాన్ని పొడుగు వైరుతో కాస్త దూరంగా పెట్టండి.

రౌటర్ ఉన్న చోటు. మన ఇళ్లలో ఫైబర్ బాల్కనీ నుంచో కిటికీ పై నుంచో వస్తుంది, బాక్సు అక్కడే ఏదో మూల బిగించేస్తారు. చాలాసార్లు టీవీ వెనక, షోకేస్ అద్దాల లోపల. సిగ్నల్‌కు ఇంతకంటే చెడ్డ చోటు లేదు. ఇనుప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, నీళ్ల ట్యాంకు, అన్నిటికీ మించి ఇనుప ఊచలతో పోసిన శ్లాబు: ఇవి 5 గిగాహెర్ట్జ్‌ను బాగా తినేస్తాయి. కింద రౌటర్ పెట్టి మేడ మీది గదిలో 5 మీద ఆడాలనుకోవడం వృథా ప్రయాస.

- రౌటర్ నడుం ఎత్తు కంటే పైన, తెరిచిన చోట ఉండాలి.
- మీ కుర్చీకీ రౌటర్‌కీ మధ్య ఒక గోడకు మించి ఉండకూడదు.
- ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్‌తో, మీరు కూర్చునే చోటే సిగ్నల్ చూడండి. మైనస్ 50 నుంచి మైనస్ 60 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకు దగ్గరైతే బలం ఎక్కువ) బాగుంటుంది. మైనస్ 67 దాకా పర్వాలేదు. మైనస్ 75కు పడితే చోటు మార్చాల్సిందే.

చానల్, అంటే బ్యాండ్ లోపల రౌటర్ వాడుకునే విడి దారి. అపార్ట్‌మెంట్లలో ఇదే పెద్ద చిక్కు. 2.4లో ఒకదానిమీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మాత్రమే. మధ్యలో 3, 4 ఖాళీగా కనిపించాయని పెట్టుకుంటే రెండు వైపుల గోలా తగులుతుంది. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. 5లో 36 నుంచి 48 మధ్య ఒకటి, తర్వాత 149 నుంచి పైవి ప్రయత్నించండి. వెడల్పు 80 నుంచి 40కి తగ్గిస్తే స్పీడ్ టెస్ట్ అంకె పడిపోతుంది, గేమ్ మాత్రం కుదురుకుంటుంది. అంకె చూసి దిగులుపడొద్దు.

రాత్రి 9 గంటలకు ఈ పని చేయండి. మధ్యాహ్నం ఖాళీగా ఉన్న చానల్ రాత్రికి నిండిపోతుంది.

ఫోన్, ల్యాప్‌టాప్ సెట్టింగ్స్. పవర్ సేవింగ్ ఆపండి. ఆండ్రాయిడ్ లొకేషన్ సెట్టింగ్స్‌లో వైఫై స్కానింగ్ ఆపండి. కొన్ని సెకన్లకోసారి గడియారం కొట్టినట్టు పింగ్ ఎగురుతుంటే ఇలాంటి వెతుకులాటే కారణం కావచ్చు.

## 5. గదికి కేబుల్ వెళ్లదు, వైఫై అందదు: మధ్యే మార్గం

చాలామంది ఇక్కడ చవకైన వైఫై ఎక్స్‌టెండర్ కొంటారు. గేమ్‌కు నేను వద్దనే చెబుతాను. అది వైఫై పట్టి, అదే వైఫై మీద మళ్లీ పంపుతుంది. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, ఎదురుచూపులు రెట్టింపవుతాయి.

నా దృష్టిలో మంచి క్రమం ఇది. మొదటిది, గది దాకా ఒక్క కేబుల్ లాగి, అక్కడ మీ పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (కేబుల్‌తో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచేలా) పెట్టడం. రెండోది, ఫైబర్ వాళ్లతోనే మాట్లాడి బాక్సును మీ గదికి మార్పించుకోవడం. సన్నటి ఫైబర్ తీగ కిటికీ సందులోంచి కూడా వస్తుంది, ఈ సంగతి ఎక్కువమందికి తట్టదు. మూడోది, మెష్ రౌటర్లు (ఒకే వైఫైగా కలిసి పనిచేసేవి), వాటి మధ్య వీలైతే కేబుల్‌తో.

ఫోన్‌లో ఆడేవాళ్లకు కూడా కేబుల్ దారి ఉంది. టైప్-సీ నుంచి ల్యాన్‌కు మారే అడాప్టర్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు పనిచేస్తుంది. ఆడుతూ చార్జింగ్ కూడా కావాలంటే చార్జింగ్ పోర్టు ఉన్న అడాప్టర్ చూసుకోండి. మొబైల్ డేటా మీద ల్యాప్‌టాప్‌లో ఆడేవాళ్లు హాట్‌స్పాట్ బదులు యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను యూఎస్‌బీ వైరుతో ఇవ్వడం) పెట్టుకోండి, కనీసం మధ్యలో వైఫై తప్పుతుంది.

## 6. ఇంట్లో ఎవరో లైన్ నింపేస్తుంటే

రౌటర్ పింగ్ 1 ఉంది, బయటి పింగ్ మాత్రం ఉన్నట్టుండి 20 నుంచి 300కు ఎక్కి, కాసేపటికి దిగిపోతుంది. కేబుల్ పెట్టినా తగ్గని ల్యాగ్‌లో చాలా భాగం ఇదే.

పరీక్ష సులువు. 8.8.8.8 పింగ్ నడుస్తుండగా ఇంట్లో ఎవరినైనా ఒక పెద్ద వీడియో అప్‌లోడ్ చేయమనండి. పింగ్ ఎక్కి, అప్‌లోడ్ ఆపగానే దిగితే తేలిపోయినట్టే. రౌటర్ దగ్గర ప్యాకెట్లు క్యూ కడుతున్నాయి, మీ గేమ్ ప్యాకెట్ ఆ క్యూ చివర నిలబడింది.

- ఫోటోల బ్యాకప్ రాత్రి ఆట సమయంలో నడవకుండా చూడండి. పెళ్లికో పండక్కో వెళ్లొచ్చిన రోజు అందరి ఫోన్లూ ఒకేసారి ఎక్కిస్తుంటాయి.
- క్లౌడ్‌కు పంపే సీసీ కెమెరాలుంటే వాటి క్వాలిటీ తగ్గించండి.
- విండోస్ అప్‌డేట్స్, గేమ్ అప్‌డేట్స్ ఆపండి.
- రౌటర్‌లో ఎస్‌క్యూఎం (క్యూ పెరగకుండా చూసే సెట్టింగ్) ఉంటే అది, లేకపోతే క్యూఓఎస్ (ముఖ్యమైన ప్యాకెట్లను ముందు పంపే సెట్టింగ్) ఆన్ చేసి, పరిమితిని మీకు నిజంగా వస్తున్న వేగంలో 85 నుంచి 90 శాతానికి పెట్టండి. అప్‌లోడ్‌కూ, డౌన్‌లోడ్‌కూ విడివిడిగా.

## 7. లోపం బయట ఉంటే

ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నా బయటి పింగ్ ఎగురుతుంటే ఫైబర్ బాక్సు చూడండి. ఫైబర్ లైన్ అందుతోందని చూపే పాన్ (పీఓఎన్) లైట్ నిలకడగా ఆకుపచ్చగా ఉండాలి. ఎల్‌ఓఎస్ (సిగ్నల్ అందడం లేదని చెప్పే) లైట్ ఎర్రగా మెరిస్తే వెలుతురు సరిగా అందడం లేదు. బ్రౌజర్‌లో బాక్సు అడ్రస్ కొడితే వచ్చే పేజీలో ఆప్టికల్ రిసీవ్ పవర్ (బాక్సుకు అందే వెలుతురు బలం) కనిపిస్తుంది. అది మైనస్ 27 డీబీఎం దగ్గరికి చేరితే లైన్ అంచున ఉన్నట్టు. వానకో, గాలికో తెగుతూ ఉంటుంది. తీగ ఎక్కడైనా మడతపడిందేమో చూడండి. ఫైబర్‌ను చిన్న గాజంత చుట్ట చుట్టి మేకుకు తగిలించడం కూడా వెలుతురును తగ్గిస్తుంది. కనెక్టర్ ఊడదీసి దాని కొనను తాకొద్దు, కంటికెదురుగా పెట్టి చూడొద్దు.

బాక్సే రీస్టార్ట్ అవుతోందా? రౌటర్ పింగ్, బయటి పింగ్ రెండూ ఒకేసారి పోయి ఒకటి రెండు నిమిషాల తర్వాత వస్తే పవర్ అడాప్టర్‌ను అనుమానించండి. అదే వోల్టేజ్, అంతకు తక్కువ కాని ఆంపియర్ ఉన్నది పెట్టండి. కరెంటు వస్తూ పోతూ ఉండే చోట రౌటర్ కోసమే దొరికే చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టుకుంటే ఇల్లు ఇన్వర్టర్‌కు మారే క్షణంలో మ్యాచ్ పోదు.

నెట్ కంపెనీకి ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ స్లో" అనకండి. స్పీడ్ టెస్ట్ చూపించి సరిగ్గానే ఉందని వెళ్లిపోతారు. ఇవి పంపండి:

- కేబుల్ మీద, వైఫై ఆపి తీసిన పింగ్ ఫలితం: రౌటర్‌ది, బయటిది పక్కపక్కన.
- తేదీ, టైమ్. ఉదయం 6 గంటలది ఒకటి, రాత్రి 9 గంటలది ఒకటి. రాత్రి మాత్రమే చెడితే వాళ్ల దగ్గర రద్దీ.
- ఆప్టికల్ పవర్ అంకె ఫోటో.

ప్లేస్టేషన్‌లో నాట్ టైప్ 3 అని, ఎక్స్‌బాక్స్‌లో స్ట్రిక్ట్ అని వచ్చి స్నేహితుల గుంపులో చేరలేకపోతుంటే ఫైబర్ బాక్సు, సొంత రౌటర్ రెండూ నాట్ (ఇంట్లోని పరికరాలన్నిటినీ ఒకే బయటి అడ్రస్‌తో నెట్‌కు కలపడం) చేస్తున్నాయేమో చూడండి. బాక్సును బ్రిడ్జ్ మోడ్‌లో (నాట్ చేయకుండా లైన్‌ను నేరుగా రౌటర్‌కు ఇచ్చేలా) పెట్టమని అడగండి, రౌటర్‌లో యూపీఎన్‌పీ (గేమ్‌కు కావాల్సిన దారిని రౌటర్ తనే తెరిచే సెట్టింగ్) ఆన్ చేయండి.

## 8. దూరం వల్ల వచ్చే పింగ్

ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి ముంబైకి నేరుగా 600 కిలోమీటర్ల పైచిలుకు, అంటే పోయిరావడానికి 6 మిల్లీ సెకన్లు కనీసం. సింగపూర్ అయితే 30 దాటుతుంది. తీగలు నేరుగా వెళ్లవు కాబట్టి అసలు అంకె ఇంకా ఎక్కువే. వాలొరెంట్ అనే గేమ్‌కు ముంబైలో సర్వర్ ఉంది. మీరు ముంబై బదులు సింగపూర్‌లో పడుతుంటే గేమ్ సెట్టింగ్స్‌లో సర్వర్ ఎంపిక చూడండి, వీపీఎన్ ఉంటే ఆపండి.

డల్లాస్‌లో ఉన్న అన్నయ్యతో హైదరాబాద్ నుంచి ఆడాలంటే కనీసమే 140 దాకా ఉంటుంది, నిజంగా వచ్చేది 200 పైనే. దాన్ని ఏ కేబులూ తగ్గించదు. అలాంటప్పుడు గేమ్ ఒప్పుకుంటే ఐరోపాలోని సర్వర్ ఎంచుకోండి. పింగ్ ఇద్దరికీ దగ్గర దగ్గరగా పంచినట్టవుతుంది, ఒకరికి 20, ఇంకొకరికి 250 వచ్చి ఆట ఏకపక్షం కాదు.